బీరువాలో లెన్సు, చేతిలో చీటీ డబ్బు

రాజోలు దగ్గర పల్లెటూరి నుంచి ఒక వీడియోగ్రాఫర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలుంది. సంగ్రహంగా చెబుతాను.

ఆయనకు 29 ఏళ్లు. పెళ్లిళ్ల సీజన్లో వేరేవాళ్ల టీములో వీడియో తీస్తారు. మాఘం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు, ఆషాఢం వస్తే పని ఉండదు. సొంతానికి ఒక సెకండ్‌హ్యాండ్ సోనీ ఆల్ఫా 6400, దాంతో వచ్చిన 16-50 కిట్ లెన్సు ఉన్నాయి. పెళ్లిళ్లు కాకుండా తన కోసం ఒక సినిమా తీయాలని కోరిక. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతలికి దాటితే నరసాపురం, అక్కడ అమ్మమ్మ. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ, ఆవిడ ఈడువాళ్లు మరో నలుగురు అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. వాళ్ల మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని చీటీ పాడి 18 వేలు చేతిలో పెట్టుకున్నారు.

"ఫోకస్ చేత్తో తిప్పుకునే పాత మాన్యువల్ లెన్సులతో తీసిన వీడియోలు చూసి మనసు పారేసుకున్నాను. హీలియోస్ అంటారొకరు, టకుమార్ అంటారొకరు. నిక్కార్, కెనాన్ ఎఫ్‌డీ, మినోల్టా, జుయికో... జాబితా పదకొండుకు చేరింది. మూడు నెలలైంది, ఒక్కటీ కొనలేదు" అని రాశారు. మధ్యలో ఒకసారి స్నేహితుడి మాన్యువల్ లెన్సు అడిగి తెచ్చుకుని పాలకొల్లులో పెళ్లికి తీసుకెళ్లారట. జీలకర్రా బెల్లం వేళకి ఫోకస్ పెళ్లికూతురి మీద కాకుండా పురోహితుడి భుజం మీద నిలబడిపోయింది. ఆ రోజు కూలిలో వెయ్యి కోత పడింది. అప్పటి నుంచి చేతికి నమ్మకం పోయింది. బావగారేమో "ఈఎంఐలో కొత్త ఆటోఫోకస్ లెన్సు తీసుకో, పాత సామాను నీకెందుకు" అంటున్నారు.

అసలు టెన్షన్ చివరి పేజీలో ఉంది. నాన్నగారు ఒకప్పుడు స్టూడియో నడిపారు. 2013లో మూసేశారు. ఇంట్లో బీరువా అడుగున బిస్కెట్ల రేకు డబ్బాలో ఆయన సామాను ఉంది: జెనిట్ కెమెరాకి వచ్చిన హీలియోస్ 44-2, నికాన్ వాళ్ల నిక్కార్ 50 ఎంఎం 1.8, నికాన్ ఎఫ్‌ఎం 10 కెమెరాతో వచ్చిన 35-70 జూమ్. కానీ అడగలేరు. ఐదేళ్ల క్రితం డబ్బు అవసరమై, నాన్నగారి యాషికా మ్యాట్ కెమెరాని ఆయనకు చెప్పకుండా రెండు వేలకు అమ్మేశారు. నాన్నగారికి తెలిసింది. తిట్టలేదు. అప్పటి నుంచి కెమెరా మాట వస్తే లేచి వెళ్లిపోతారు. "ఏ లెన్సు కొనమంటారు? మాన్యువల్ నాకు చేతనవుతుందా? నాన్నగారిని అడగాలా, వద్దా?" ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ, మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ మొదటిదానికి జవాబు మూడోదాంట్లో ఉంది. అయినా మీరు అడిగిన వరసలోనే వెళ్దాం, ఎందుకంటే లెన్సుల లెక్క తేలకుండా నాన్నగారి దగ్గరికి వెళ్తే ఏమడగాలో మీకే తెలియదు.

పాలకొల్లు పెళ్లి సంగతి ముందు పక్కన పెట్టేద్దాం. అది మీ చేతి తప్పు కాదు, లెన్సు తప్పూ కాదు, పనికి తగని పనిముట్టు తీసుకెళ్లారంతే. ముహూర్తం సెకన్ల మీద నడుస్తుంది. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర తీస్తారు, నలుగురు ఫొటోగ్రాఫర్లు తోసుకొస్తారు, పెళ్లికూతురు తల వంచుతుంది. ఆ సమయంలో చేత్తో ఫోకస్ లాగడం ఇరవై ఏళ్లుగా కెమెరా పట్టిన నాకూ భయమే. మీ 6400 ఆటోఫోకస్ ఆ పనికి బాగా సరిపోతుంది, దాన్ని వాడుకోండి. లేసు అల్లడం వేరు. అమ్మమ్మ సూది ఒకే చోట, ఒకే లయలో గంటసేపు ఆడుతుంది. ఒక కుట్టు ఫోకస్ తప్పితే పక్క కుట్టు ఉంది. మాన్యువల్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సబ్జెక్టు మీకు దొరకదు.

ఇక లెన్సు. మీ జాబితాలో పదకొండు పేర్లున్నాయి, కానీ అరుగు వెడల్పు ఎంతో మీరు రాయలేదు. నేనైతే అదే మొదట అడుగుతాను. మీ కెమెరా సెన్సర్, అంటే బొమ్మని పట్టే చిప్పు, పాత ఫిల్మంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ కాదు, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ. పాత లెన్సు మీద రాసి ఉన్న అంకెను ఒకటిన్నరతో గుణిస్తే అసలు ఎంత మేర కనిపిస్తుందో తెలుస్తుంది. అంకె పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గుతుంది. 50 ఎంఎం మీ చేతిలో 75లా, హీలియోస్ 58 ఎంఎం 87లా కనిపిస్తాయి. ముఖాలకు, చేతులకు అద్భుతం. కానీ ఐదుగురు ఆడవాళ్లు అరుగు మీద వరసగా కూర్చున్న షాట్ కావాలంటే ఆ లెన్సుతో మీరు వీధి దాటి ఎదురింటి కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడాలి. మధ్యలో సైకిళ్లు, ఆటోలు పోతుంటాయి. మీ జాబితాలో తొమ్మిది లెన్సులు 50 నుంచి 58 మధ్యవే. అవి చౌక, ఎక్కువగా దొరుకుతాయి, అందరూ వాటితోనే వీడియోలు చేస్తారు కాబట్టి మీకూ అవే కనిపించాయి. మీకు నిజంగా లేనిది 28 ఎంఎం. మీ సెన్సర్ మీద అది 42లా ఉంటుంది, ఇంచుమించు మనం మామూలుగా చూసినట్టే.

నా మాట నమ్మక్కర్లేదు, ఒక్క రోజు ఖర్చు లేకుండా పరీక్షించండి. కిట్ లెన్సునే తీసుకుని పంటు ఎక్కండి. గంటసేపు 28 దగ్గర పెట్టి జూమ్ ముట్టుకోకుండా తీయండి, మరో గంట 35 దగ్గర, ఇంకో గంట 50 దగ్గర. ఇంటికొచ్చి చూసుకోండి. మీ కాళ్లు ఏ అంకె దగ్గర ఇబ్బంది పడలేదో అదే మీ లెన్సు. మూడు నెలలుగా ఫోన్లో వెతుకుతున్నది ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది.

మీ అదృష్టం ఒకటుంది. సోనీ ఈ-మౌంట్లో లెన్సు కూర్చునే చోటుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 18 ఎంఎం మాత్రమే. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో మధ్యన అద్దం ఉండేది కాబట్టి ఆ దూరం చాలా ఎక్కువ: నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5, హీలియోస్ లాంటి మరచుట్టు లెన్సుల ఎం42కు దాదాపు 45.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. ఆ తేడాని ఒక డొల్ల గొట్టం, అంటే అడాప్టర్, నింపేస్తుంది. అందులో గాజు ఉండదు, కరెంటు ఉండదు. కాబట్టి మీ జాబితాలో ఏదైనా మీ కెమెరాకి పడుతుంది. అయితే రేపు మీరు కెమెరా బాడీ మార్చొచ్చు, స్నేహితుడి కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ అడిగి తెచ్చుకోవచ్చు. దాని దూరం 44 ఎంఎం. నికాన్, ఎం42 లెన్సులు దాని మీదకీ వెళ్తాయి, కెనాన్ వాళ్లదే అయిన ఎఫ్‌డీ వెళ్లదు! మధ్యలో గాజు పెడితే తప్ప దూరంగా ఉన్నది ఫోకస్ అవదు. అందుకే నేను నికాన్ వైపో, ఎం42 వైపో మొగ్గుతాను. ఎఫ్‌డీ లెన్సులు చెడ్డవని కాదు, మీ సోనీలా అద్దం లేని మిర్రర్‌లెస్ ఒక్కదానితోనే ఉండేవాళ్లకి అవి ఇప్పటికీ మంచి బేరం.

అడాప్టర్ దగ్గర మరీ పిసినారితనం పనికిరాదు. ఫొటోకి పరవాలేదు కానీ, వీడియోలో ఫోకస్ రింగు తిప్పేటప్పుడు అడాప్టర్ ఏమాత్రం కదిలినా బొమ్మ మొత్తం ఒక్కసారి గెంతుతుంది. తెచ్చుకోగానే లెన్సు బిగించి, పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. టకటకలాడితే వెనక్కి పంపేయండి.

హీలియోస్ 44-2 గురించి మీరు ఒక పేజీ రాశారు, కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. యుద్ధానికి ముందు జర్మనీలో జైస్ వాళ్లు చేసిన 58 ఎంఎం బయోటార్ డిజైన్‌ని తీసుకుని సోవియట్ ఫ్యాక్టరీలు లక్షల్లో తయారుచేసిన లెన్సు ఇది. మీ నాన్నగారి దాని ముందు రింగు మీద పట్టకం (ప్రిజం) గుండా బాణం దూసుకుపోతున్న గుర్తు ఉంటే అది క్రాస్నోగోర్‌స్క్ ఫ్యాక్టరీది. చాలావాటిలో నంబరు మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. ఎఫ్ 2లో పెట్టి, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్) పూర్తిగా తెరిచి, వెనక ఆకులు, ఆకుల మధ్య వెలుతురు ఉండేలా తీస్తే ఆ వెలుగు చుక్కలు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. కోనసీమలో వెనక కొబ్బరాకులు లేని ఫ్రేము ఎక్కడుంది? అందుకే మీకు అంత నచ్చింది. కానీ ఆ సుడి ఎక్కువగా బొమ్మ అంచుల్లో ఉంటుంది. మీ చిన్న సెన్సర్ ఆ అంచుల్ని కోసేస్తుంది. మీరు చూసిన వీడియోల్లో ఉన్నంత సుడి మీకు రాదు. తెలిసి కొంటే బాధ లేదు, తెలియక కొంటే నిరాశ.

వీడియోకి దాని అసలు గొప్పదనం సుడి కాదు, ఆ రంధ్రాన్ని పెంచి తగ్గించే రెండు అపెర్చర్ రింగులు. ముందున్న రింగుని 16 దగ్గర పెట్టేస్తే, రెండో రింగు 2 నుంచి 16 వరకు టక్కుమనకుండా నూనె రాసినట్టు తిరుగుతుంది. షాట్ నడుస్తుండగానే వెలుతురు తగ్గించుకోవచ్చు. నిక్కార్‌లో ప్రతి స్టాపుకీ, అంటే వెలుతురు సగమయ్యే ఒక్కో మెట్టుకీ, టక్కుమని పట్టు ఉంటుంది, షాట్ మధ్యలో తిప్పితే వెలుగు మెట్లుమెట్లుగా మారుతుంది, శబ్దం కూడా మైకులో పడుతుంది. దాన్ని తీసేయించే మెకానిక్కులున్నారు కానీ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. లోపల ఆవగింజంత ఉక్కు గుండు ఒకటుంటుంది. అది ఎగిరిపడితే గచ్చు మీద వెతుక్కోవాలి. నేను వెతికాను, దొరకలేదు.

ఇంకొక తేడా చెబుతాను, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. నిక్కార్ ఫోకస్ రింగు మిగతా చాలా కంపెనీల రింగులకు ఎదురుదిక్కులో తిరుగుతుంది. ఒక షాట్ హీలియోస్‌తో, తర్వాతి షాట్ నిక్కార్‌తో తీస్తుంటే చెయ్యి తడబడుతుంది. రంగు కూడా కలవదు. సోవియట్ లెన్సు పూత పలచన, ఎదురెండలో బొమ్మ పాలిపోతుంది. నిక్కార్ గట్టిగా, కాస్త ముదురుగా ఉంటుంది. అందుకే ఒకే కుటుంబంలో రెండు మూడు లెన్సులు పెట్టుకోవడం మేలంటారు. నేనైతే మీ సినిమా మొత్తం నిక్కార్‌తో తీసి, అమ్మమ్మ పాత జ్ఞాపకాలు చెప్పే చోటో, సాయంత్రం వెలుతురులోనో హీలియోస్ వాడతాను. ఇది నా రుచి. మీకు మొత్తం పాలిపోయినట్టు కావాలంటే అదీ ఒక పద్ధతే.

ఇప్పుడు మీకు భయం పట్టుకున్న విషయం, ఫోకస్. 58 ఎంఎం లెన్సుని ఎఫ్ 2లో పెట్టి అమ్మమ్మ చేతికి రెండడుగుల దూరంలో నిలబడితే ఫోకస్‌లో ఉండే మందం ఒక సెంటీమీటరు కూడా ఉండదు. సూది కొక్కెం స్పష్టంగా ఉంటే బొటనవేలి గోరు మసకబారుతుంది. ఆవిడ ఊపిరి పీల్చినా తప్పుతుంది. ఎఫ్ 5.6లో పెడితే అదే మందం రెండు సెంటీమీటర్లు దాటుతుంది, సూది, దారం, వేళ్ల కొసలు మూడూ కలిసొస్తాయి. "పాత లెన్సు కొన్నది ఎఫ్ 2 కోసమే కదా" అనుకుని అందరూ అక్కడే దెబ్బ తింటారు. పెళ్లిలో మీకు జరిగింది కూడా అదే అయ్యుంటుంది.

స్క్రీన్ మీద ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులకు రంగు పూసి చూపించేది) ఎర్ర రంగులో పెట్టుకోండి, కానీ తెల్ల లేసు దగ్గర దాన్ని పూర్తిగా నమ్మకండి. లేసంటేనే అంచులు. పీకింగ్‌కి కావాల్సిందీ అంచులే. అందుకని అల్లకం అంతా ఎర్రగా మెరిసి, ఏది నిజంగా ఫోకస్‌లో ఉందో తెలియదు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు బొమ్మని పెద్దది చేసి సూది కొక్కెం మీద చూసుకోండి, తర్వాత లెన్సు మీద చిన్న కాగితం టేపు అంటించి పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. సూదికో గీత, ముఖానికో గీత. పాత లెన్సులో ఆ గీత దగ్గరికి ఎన్నిసార్లు వచ్చినా ఫోకస్ అక్కడే ఉంటుంది. మీ కిట్ లెన్సు రింగుకి ఆ నికరం లేదు, అది మోటారుకి సైగ చేస్తుందంతే. గీత నుంచి గీతకి పది రోజులు సాధన చేస్తే పాలకొల్లు మర్చిపోతారు.

మీ కెమెరా బాడీలో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ లేదు, పాత లెన్సులో అసలే ఉండదు. కాబట్టి 50 ఎంఎం పైన చేతుల్లో పట్టుకుని తీస్తే వణుకు ఖాయం. ట్రైపాడ్ కావాలి, కనీసం మోనోపాడ్.

వెలుతురు గురించి క్లుప్తంగా. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇంట్లో లైట్ల మినుకు కూడా రాదు. ఆ షట్టర్‌తో, ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100లో, మిట్టమధ్యాహ్నపు ఎండకి ఎఫ్ 22 కావాలి. అక్కడి నుంచి ఎఫ్ 2కి రావాలంటే ఏడు స్టాపులు తగ్గించాలి, అంటే లెన్సు ముందు వెలుతురు తగ్గించే నల్లని గాజు, ఎన్‌డీ ఫిల్టర్, తప్పదు. ఫిల్టర్ బిగించే ముందు మర హీలియోస్‌కి 49 ఎంఎం, మామూలు నిక్కార్‌కి 52. 52కి ఒకే ఫిల్టర్ కొని, 49 నుంచి 52కి ఒక స్టెప్-అప్ రింగు పెట్టుకుంటే రెండింటికీ సరిపోతుంది. అరుగు నీడలో అసలు అవసరమే పడకపోవచ్చు.

కొనే సంగతికొస్తే, మన ప్రాంతంలో లెన్సు పేరు కంటే లెన్సు ఆరోగ్యం ముఖ్యం. చుట్టూ కాలవలు, ఒక పక్క సముద్రం, నాలుగు నెలలు వాన. గాజు మీద బూజు పట్టడానికి ఇంతకంటే సుఖమైన చోటు లేదు. నేను నరసాపురంలో కాలవ గట్టున అద్దె గదిలో ఒక వానాకాలం ఉన్నాను. మంచి 35 ఎంఎం లెన్సు, దానికి కుట్టించుకున్న తోలు సంచీ. భద్రంగా ఉందనుకున్నాను. దీపావళికి తీసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు అల్లుకుంది. తోలు తేమని పట్టుకుని కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. శుభ్రం చేయించాను కానీ బూజు అప్పటికే పూతని తినేసింది, ఎండకి ఎదురుగా పెడితే ఇప్పటికీ ఆ గూడు నీడ కనిపిస్తుంది.

అందుకే ఎవరి దగ్గర కొన్నా సెల్‌ఫోన్ టార్చి తీసుకెళ్లండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి, లెన్సు వెనక నుంచి వెలుగు కొట్టి, ముందు నుంచి కొంచెం పక్కగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోకండి. సన్నని వేళ్లలా, గూడులా పాకితే అది ఫంగస్. మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే హేజ్, కొన్నిసార్లు శుభ్రమవుతుంది. గాజు అంచున ఇంద్రధనుస్సు రంగుల మరక కనిపిస్తే అతికించిన గాజులు విడిపోతున్నాయని అర్థం, దాన్ని వదిలేయండి, బాగుచేయించే ఖర్చుకి ఇంకోటి వస్తుంది. ముందు గాజు మీద చిన్న గీత కంటే వెనక గాజు మీద గీత ప్రమాదం. లెన్సు మొత్తం పలచని టీ రంగులో ఉంటే కంగారు పడకండి, కొన్ని పాత టకుమార్‌లలో థోరియం కలిసిన గాజు వాడారు, అది ఏళ్ల మీద పసుపెక్కుతుంది. కొన్ని వారాలు ఎండ తగలనిస్తే చాలావరకు తగ్గుతుంది. ఫోకస్ రింగు బిగుసుకుపోతే గ్రీజు ఎండిపోయిందని, అది మెకానిక్ పని. ఆన్‌లైన్లో విదేశీ అమ్మకందారు "కొత్తదానిలా ఉంది" అని రాస్తే నమ్మకండి, టార్చి వెలుగులో తీసిన ఫొటో పంపమనండి. పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపాక ధర ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి.

ఇక మీ ముందున్న దారులు.

బావగారి దారి ముందు చెబుతాను, ఎందుకంటే ఆయన తెలివితక్కువ మాట ఏమీ అనలేదు. సిగ్మా 30 ఎంఎం 1.4 లాంటి ఆటోఫోకస్ లెన్సు మీ కెమెరాకి సరిగ్గా సరిపోతుంది, పెళ్లిళ్లలో రాత్రి రిసెప్షన్ వెలుతురులో కిట్ లెన్సు కంటే ఎన్నో రెట్లు మేలు, మీ కూలి పెరగొచ్చు. దాంతో అరుగు మీద సినిమా కూడా తీయొచ్చు. కాకపోతే ఈఎంఐకి ఆషాఢం తెలియదు. పని లేని నెలల్లో కూడా అది కడుతూ ఉండాలి. సొంత టీము పెట్టుకునే ఆలోచన ఏడాదిలోపు ఉంటే ఈ దారి ఆలోచించండి, లేకపోతే ఇప్పుడే వద్దనిపిస్తోంది.

రెండోది, నాన్నగారి సామాను జోలికి పోకుండా అన్నీ కొనుక్కోవడం. 18 వేలల్లో అడాప్టరు, ఫిల్టరు, గాలి చొరబడని డబ్బా, అవసరమైతే క్లీనింగ్, వీటికే నాలుగైదు వేలు పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లో ఒక 28, ఒక 50 వెతుక్కోవచ్చు. నిక్కార్ 28 ఎంఎం 2.8 ఏఐ-ఎస్ గొప్ప లెన్సు, ఇరవై సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తుంది, అందుకే ఖరీదు. అదే కంపెనీ 28 ఎంఎం 3.5, సిరీస్-ఈ 28 ఎంఎం చౌకగా వస్తాయి. అరుగు మీద పగటి వెలుతురుకి అవి చాలు. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో మూసేసిన స్టూడియోల వాళ్లని అడగండి, ఫోన్లో కాదు, వెళ్లి కూర్చుని అడగండి. ఈ దారిలో ఇంట్లో మాటపట్టింపు ఉండదు. కానీ మీరు కొన్న 50 మీ బీరువాలో ఉన్న 50 ఒకటే అని మీకు తెలుసు, కొరియర్ వచ్చిన రోజు నాన్నగారికీ తెలుస్తుంది. ఆయన ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడాన్ని మీరు ఐదేళ్లుగా మోస్తున్నారు.

మూడోది, అమ్మగారి చేత అడిగించడం. బహుశా పని జరుగుతుంది. "తీసుకోమను" అంటారు, లెన్సులు మీ చేతికి వస్తాయి, మాటలు మాత్రం రావు.

నాలుగోది, మీరే వెళ్లి అడగడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు లెన్సు అడిగితే ఆయనకి వినిపించేది యాషికా. ఆయన కోపం రెండు వేల గురించి కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన పనిముట్టుని తన ముందు ఒక మాట అనకుండా ఇంట్లోంచి పంపించేశారు, స్టూడియో మూసిన బాధ మీద ఇది. కాబట్టి లెన్సు మాట ఎత్తకముందు యాషికా మాట ఎత్తండి. "అవసరమైంది, అడిగితే కాదంటారని భయపడి అడగలేదు, తప్పు చేశాను" అని, సంజాయిషీ పెంచకుండా. ఆయన లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి, వెనక పడకండి. ఆ రోజు లెన్సు అడగకండి. నెల పట్టినా పట్టనివ్వండి. ఆయన చివరికి వద్దంటే రెండో దారి మీకు ఉండనే ఉంది, నష్టపోయేది నెల రోజులే.

ఒప్పుకుంటే మాత్రం లెన్సు తీసుకుని మీ గదిలోకి వెళ్లిపోకండి. రేకు డబ్బా ఆయన చేతనే తెరిపించండి. టార్చి మీరు పట్టుకోండి, చూడమని ఆయనకివ్వండి. పుష్కరం పైగా బీరువాలో ఉన్న సామాను, ఫంగస్ ఉండే అవకాశమే ఎక్కువ, ముందే మనసులో పెట్టుకోండి. తొలి దశలో ఉంటే క్లీనింగ్‌తో పోతుంది. 35-70 జూమ్‌లో ఉంటే ఖర్చు పెట్టకండి, అది అంత విలువైన లెన్సు కాదు. 50కీ హీలియోస్‌కీ పెట్టొచ్చు. ఇంకో మాట. ఆ తరం స్టూడియోవాళ్లు ఆటోఫోకస్ మొహం చూడకుండా వందల పెళ్లిళ్లు తీశారు. ఫ్లాష్ పెట్టుకుని, ఎఫ్ 8, పది అడుగులు, కంటితోనే దూరం కొలిచేవారు. లెన్సు మీద అంకెల పక్కన ఉండే రంగు గీతలు ఎందుకో, ఏ అపెర్చర్‌కి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఫోకస్‌లో ఉంటుందో వాళ్లకి కంఠతా వచ్చు. మీరు మూడు నెలలు ఫోన్లో చూసినదాని కంటే ఆయన అరగంటలో చెప్పేది మీకు పనికొస్తుంది.

ఏ లెన్సు చేతికొచ్చినా మళ్లీ బీరువాలో బట్టల మధ్య పెట్టొద్దు. కలరా ఉండలు తేమని పీల్చవు. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో చెబుతారు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. అంకె 40, 50 మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ నీలం రంగుదైతే గులాబీ రంగుకి తిరగ్గానే పాత మూకుడులో వేయించండి, మళ్లీ నీలమవుతుంది. ఆ మూకుడు వంటకి వాడకూడదని ఇంట్లో చెప్పండి.

లెన్సులు ఇంట్లోంచే వస్తే మీ 18 వేలల్లో సగం పైన మిగులుతుంది. దాంతో 28 కొనుక్కోవచ్చు. లేదా ఇంకొకటి. ఆ యాషికా కొన్నాయన నంబరు మీ ఫోన్లో ఇంకా ఉందేమో చూడండి. ఈపాటికి వేరేవాళ్లకి అమ్మేసి ఉండొచ్చు. ఉంటే మాత్రం రెండు వేలకు ఇవ్వడు, ఎంత అడుగుతాడో ఏమో. ఆ డబ్బు దానికి పెడితే 28 ఈ ఏడాదికి లేనట్టే, ఆ షాట్లన్నీ కిట్ లెన్సుతో తీసుకోవాలి. ఫోన్ చేసేది నాన్నగారితో మాట్లాడకముందా, మాట్లాడాకా అన్నది మీ ఇష్టం. నేనైతే ముందే చేస్తాను, దొరక్కపోతే ఆ సంగతి కూడా ఆయనకి చెప్పొచ్చు.